కంపెనీ గడప తొక్కని పాట

(పాటలు రాసి పాడే యువతీయువకుల కోసం హైదరాబాదులో ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడు, "తన పాట తానే రాసుకుని, తానే పాడుకుని, తానే జనం దగ్గరికి తీసుకుపోయిన వాళ్ళెవరి గురించైనా చెప్పండి" అన్నారు. ఆ మాటకొస్తే మన దగ్గర అలాంటివాళ్ళకు కొదవ లేదు. ఏడుకొండలవాడి మీద పాడిన అన్నమయ్య దగ్గర్నుంచి జాతరలో డప్పు కొట్టుకుంటూ అప్పటికప్పుడు చరణం అల్లే మనిషి దాకా చెప్పుకుంటూ పోవచ్చు. అయినా ఇవాళ నేను ఒక అమెరికా గాయనిని ఎంచుకున్నాను. ఎందుకంటే ఆమె కథలో పాటతో పాటు లెక్కల పుస్తకమూ ఉంది. మనం పాట గురించి తెల్లవార్లూ మాట్లాడతాం కానీ, డబ్బు లెక్క దగ్గరికి వచ్చేసరికి మొహమాటపడిపోతాం. ఆ మొహమాటం వల్ల బాగుపడినవాళ్ళు వేరే ఉన్నారు. (నవ్వులు)

ఆమె పేరు ఆనీ డిఫ్రాంకో. మీలో కొందరు విని ఉంటారు, చాలామంది విని ఉండరు. మైకేల్ జాక్సన్ లాగా మన ఊళ్ళదాకా వచ్చిన పేరు కాదు. పాటల రికార్డులు వేసే పెద్ద కంపెనీల ప్రచారం వెనక లేకపోతే పేరు ఎంతదూరం వెళుతుందో చెప్పడానికి అది కూడా ఒక సాక్ష్యమే.

1970 సెప్టెంబరు 23న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోలో పుట్టింది. న్యూయార్క్ అనగానే ఆకాశహర్మ్యాలు ఊహించుకోకండి. బఫలో ఆ రాష్ట్రానికి పశ్చిమ కొసన, ఈరీ సరస్సు ఒడ్డున, నయాగరా జలపాతానికి దగ్గరలో ఉంటుంది. ఒకప్పుడు ఉక్కుకూ, ధాన్యం నిల్వలకూ పేరుపడ్డ ఊరు. 1950లో 5.8 లక్షల జనాభా ఉన్న నగరం 1990 నాటికి 3.28 లక్షలకు పడిపోయింది. ఊరి పక్కనున్న లాకవానాలో బెత్లహాం ఉక్కు కర్మాగారం 1983లో దాదాపుగా మూతపడింది. ఆనీ అప్పటికి పదమూడేళ్ళ పిల్ల. అంటే ఆమె పెరిగింది కొలువులు పోయిన ఊళ్ళో, అద్దెలు తక్కువగా ఉన్న ఊళ్ళో, సాయంత్రమైతే బార్లు నిండే ఊళ్ళో. ఈ మూడూ ఆమె పాటకు పనికొచ్చాయి. ముఖ్యంగా తక్కువ అద్దెలు. కళాకారుల జీవిత చరిత్రల్లో ప్రతిభ గురించి పుటలకు పుటలు రాస్తారు, అద్దె గురించి ఒక్క ముక్క రాయరు.

తల్లి ఎలిజబెత్ కెనడాలోని మాంట్రియల్ నుంచి వచ్చిన మనిషి, తండ్రి డాంటే ఇటాలియన్ మూలాలున్నవాడు. చదువుకున్న కుటుంబమే కానీ ఇల్లు నిలబడలేదు, తల్లిదండ్రులు విడిపోయారు. తొమ్మిదేళ్ళప్పుడు ఆ పిల్ల చేతికి గిటారు వచ్చింది. దాంతో పాటు ఒక గురువు దొరికాడు. ఆయన పేరు మైకేల్ మెల్డ్రమ్. బఫలోలో జానపద ధోరణి పాటలు పాడేవాడు, కచేరీలు ఏర్పాటు చేసేవాడు. ఆయన ఈ పిల్లకు స్వరాలు దిద్దించి పదేళ్ళ తర్వాత అరంగేట్రం చేయిద్దామని ఎదురుచూడలేదు. తన వెంట కాఫీ హోటళ్ళకూ బార్లకూ తీసుకుపోయి పాడించాడు. బీటిల్స్ పాటలు పాడేదట. ఆయన న్యూయార్క్ నగరం నుంచి గాయకులను బఫలోకు రప్పించి పాడించేవాడు కూడా. సొంత పాట రాసుకుని, ఒక్క గిటారు భుజాన వేసుకుని, ఊరూరూ తిరిగి బతకడం అనే వృత్తి ఒకటుందని ఆ పిల్ల వాళ్ళను చూసి తెలుసుకుంది. పుస్తకంలో చదివితే వచ్చే తెలివి కాదది.

పధ్నాలుగు, పదిహేనేళ్ళు వచ్చేసరికి సొంత పాటలు కట్టడం మొదలుపెట్టింది. పదిహేనో ఏట తల్లి కనెక్టికట్ రాష్ట్రానికి వెళ్ళిపోయింది. ఆనీ వెళ్ళలేదు. అక్కడి చట్టంలో ఒక వెసులుబాటు ఉంది: మైనరు అయినా సరే, తన బతుకు తాను బతకగలిగితే తల్లిదండ్రుల అజమాయిషీ నుంచి విముక్తి పొందవచ్చు. ఆ దారిన ఆమె పదిహేనేళ్ళకే తన ఇంటికి తానే పెద్దయింది. మనలో పదిహేనేళ్ళప్పుడు ఎంతమందికి సొంతంగా కరెంటు బిల్లు కట్టిన అనుభవం ఉంది? ఆ వయసులో పాటలు పాడి అద్దె కట్టినవాళ్ళకు ఒక సంగతి బాగా ఒంటపడుతుంది. పాట పవిత్రమైనదే, అయినా ఒకటో తారీఖు ఆగదు. తర్వాత ఆమె తీసుకున్న నిర్ణయాలన్నిటి వెనకా ఈ అలవాటు ఉందని నా అభిప్రాయం.

ఇక్కడ ఆమె వాయిద్యం గురించి కాస్త చెప్పాలి. గిటారు నేర్చుకునేవాళ్ళు ముందు వరసలో ఉన్నారు కాబట్టి వివరంగానే చెబుతాను. ఆమె గిటారు వింటే మీకు మొదట వినిపించేది దరువు. తీగను మీటడం, లాగి వదలడం, అరచేత్తో చెక్క మీద కొట్టడం, తీగను నొక్కి ధ్వనిని చంపేయడం, ఇవన్నీ ఒకే చేతిలో జరుగుతుంటాయి. ఒక్క మనిషి వాయిస్తుంటే వెనక డోలు ఉందేమో అనిపిస్తుంది. ఇది ఎక్కడినుంచి వచ్చిందంటే, బార్ల నుంచి. బారుకు వచ్చినవాడు తాగడానికి వస్తాడు, మాట్లాడుకోవడానికి వస్తాడు. మూల నిలబడి గిటారు వాయిస్తున్న అమ్మాయి కోసం ఎవడూ రాడు. వాళ్ళ తలలు ఇటు తిప్పాలంటే మెత్తగా మీటితే పని జరగదు. పాట మధ్యలో ఒక్కసారిగా ఆపడం, గుసగుసకు దిగడం, మళ్ళీ విరుచుకుపడటం, ఇవన్నీ ఆ రణగొణ ధ్వనిలో నేర్చుకున్న విద్యలే.

అలా వాయిస్తే గోళ్ళు నిలుస్తాయా? నిలవవు. అందుకని ఆమె ఒక ఉపాయం చేసింది. ఆడవాళ్ళు అలంకారానికి అతికించుకునే ప్లాస్టిక్ గోళ్ళు ఉంటాయి కదా, వాటిని వేళ్ళకు అతికించి, ఊడిపోకుండా పైన కరెంటు పని చేసేవాళ్ళు వాడే నల్ల టేపు చుట్టింది. ఏళ్ళ తరబడి ప్రతి కచేరీకీ ముందు అదే తంతు. ఆమె పాత ఫొటోలు చూడండి, కుడిచేతి వేళ్ళకు ఆ నల్ల పట్టీలు కనిపిస్తాయి. గిటారు తీగలను మామూలు శ్రుతిలో కాకుండా పాటకు తగ్గట్టు రకరకాలుగా బిగించి, వదులు చేసి వాయిస్తుంది. అందువల్ల ఆమె పాటను నేర్చుకుందామని కూర్చున్నవాళ్ళకు మొదటి గంట తీగలు సరిచేసుకోవడంతోనే సరిపోతుంది. (నవ్వులు)

బఫలోలోనే కళల పాఠశాలలో చదువు ముగించుకుని, పద్దెనిమిది దాటాక న్యూయార్క్ నగరం చేరింది. అక్కడ న్యూ స్కూల్ అనే విద్యాసంస్థలో సెకూ సుందియాటా దగ్గర కవిత్వం చదువుకుంది. ఆయన నల్లజాతి కవి, కవిత్వాన్ని కాగితం మీద కన్నా గొంతుతో వినిపించడంలో దిట్ట. ఆనీ పాటల్లో మాటలు బాణీ కోసం ఒదిగి కూర్చోవు, మాట్లాడే మనిషి ఊపిరిని పట్టుకుని పరుగెడతాయి. ఆ పాఠం ఆయన దగ్గర గట్టిపడి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

కచేరీ అయ్యాక జనం వచ్చి "మీ పాటల క్యాసెట్ ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. లేదు. చేద్దామనుకుంది. 1990లో తన పేరునే పెట్టి మొదటి ఆల్బం తెచ్చింది. ఒక గొంతు, ఒక గిటారు, అంతే. 500 క్యాసెట్లు వేయించింది. కచేరీల దగ్గర అమ్మితే చకచకా అయిపోయాయి. మళ్ళీ వేయించాలంటే డబ్బూ చిరునామా రెండూ కావాలి కాబట్టి ఒక సంస్థ పెట్టింది. రైటియస్ రికార్డ్స్ అని పేరు. ఆ పేరుతో ఇంతకుముందే మరొకటి ఉందని తేలడంతో 1994లో దాన్ని రైటియస్ బేబ్ రికార్డ్స్ చేసింది. ఇరవై ఏళ్ళ పిల్ల కంపెనీ పెట్టిందంటే ఏదో పెద్ద సంకల్పం అనుకుంటాం. ఆస్తి మొత్తం చేతిలో గిటారు, కారు డిక్కీలో క్యాసెట్ల పెట్టె.

ఆ మొదటి క్యాసెట్లో పాటలు వేటి గురించి? ప్రేమల గురించి, మగవాళ్ళను ప్రేమించడం గురించి, ఆడవాళ్ళను ప్రేమించడం గురించి, గర్భస్రావం చేయించుకోవడానికి ఆసుపత్రికి వెళితే బయట నినాదాలు చేసే గుంపును దాటుకుని పోవడం గురించి. 1990లో ఏ పెద్ద కంపెనీ అయినా ఆ పాట వినగానే "అమ్మా, ఇది తీసేద్దాం" అనేది. ఆమెకు అలా చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

కాలేజీ ప్రాంగణాల్లో ఆ క్యాసెట్లను ఒకరి నుంచి ఒకరు నకలు చేసుకున్నారు. వ్యాపారి కళ్ళతో చూస్తే అది దొంగతనం. ఆమెకు మాత్రం అదే ప్రచారమైంది. నకలు విన్నవాళ్ళు తర్వాతి నెల కచేరీకి టికెట్టు కొన్నారు, అసలు క్యాసెట్టూ కొన్నారు. మనకూ ఇది కొత్తేమీ కాదు. బస్టాండు దగ్గరి క్యాసెట్ల బడ్డీల్లో ఒగ్గుకథలూ, జానపద గీతాలూ, ఉద్యమ పాటలూ ఎలా ఊళ్ళకు పాకాయో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

పేరు వచ్చాక పెద్ద కంపెనీలు వచ్చాయి. చిన్నవీ వచ్చాయి. ఆమె వద్దంది. ఎందుకు వద్దందో అర్థం కావాలంటే ఆ ఒప్పందాలు ఎలా ఉంటాయో చూడాలి. ఇది కొంచెం పొడి విషయం, ఓపిక పట్టండి.

కంపెనీ మీకు అడ్వాన్సు ఇస్తుంది. ఊహకు లక్ష డాలర్లు అనుకుందాం. మీకు సీడీకి ఒక డాలరు రాయల్టీ అనుకుందాం. మొదటి లక్ష సీడీల మీద వచ్చే మీ వాటా అంతా ఆ అడ్వాన్సు తీరడానికే పోతుంది. స్టూడియో అద్దె, వీడియో ఖర్చులో భాగం, ఊరూరా తిప్పిన ఖర్చు, ఇవి కూడా చాలాసార్లు మీ ఖాతాలోనే పడతాయి. కంపెనీ మాత్రం మొదటి సీడీ నుంచే తన వాటా తాను తీసుకుంటుంది. సరే, ఎప్పటికో మీ బాకీ తీరింది. అప్పుడైనా మాస్టర్, అంటే అసలు రికార్డింగు, మీది అవుతుందా? కాదు, కంపెనీదే. ఇంటి అప్పు కిస్తీలన్నీ కట్టేశాక కూడా ఇల్లు బ్యాంకు పేరునే ఉండిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పైగా ఒప్పందం ఒక్క ఆల్బంతో పోదు, నాలుగైదింటికి కట్టిపడేస్తుంది. మీ పాట నచ్చకపోతే విడుదల చేయకుండా అటక మీద పెట్టే హక్కూ వాళ్ళదే.

ఆనీ ఈ లెక్క వేసుకుంది. 1995లో వచ్చిన ఆల్బంలో, తనను కొనడానికి వచ్చిన వ్యాపారికి జవాబుగా ఒక పాటే రాసింది. నువ్వు సంపాదించలేకపోయిన ఆ మిలియన్ డాలర్లు నేనే అనే అర్థం వచ్చేలా. కోపం ఉంది, కాస్త పొగరూ ఉంది. ఆ పొగరు నాకు నచ్చుతుంది.

అయితే ఇక్కడ చాలామంది ఒక అపోహలో పడతారు. ఆమె అంతా ఒంటిచేత్తో చేసిందని. అలా జరగలేదు. మొదట్లో బఫలో పత్రికలో సంగీత విమర్శ రాసే డేల్ ఆండర్సన్ ఆమె వ్యవహారాలు చూశాడు. ఆ తర్వాత స్కాట్ ఫిషర్ అనే స్నేహితుడు, లా చదివినవాడు, కంపెనీ నడిపే బాధ్యత తలకెత్తుకున్నాడు. దుకాణాలకు సరుకు చేర్చింది ఎవరు? 1970ల నుంచి అమెరికాలో స్త్రీవాద సంగీత ఉద్యమం ఒకటి ఉంది. ఆడవాళ్ళే కలిసి 1973లో ఒలీవియా రికార్డ్స్ పెట్టుకున్నారు. ఆ ఉద్యమంలోంచి లేడీస్లిప్పర్, గోల్డెన్‌రాడ్ లాంటి పంపిణీ సంస్థలు పుట్టాయి. స్త్రీల పుస్తకాల దుకాణాలకు, ఉత్సవాలకు ఆనీ క్యాసెట్లను చేర్చినవి అవే. అంటే ఆమె నడిచిన దారిని ఆమెకన్నా ముందు ఇరవై ఏళ్ళపాటు ఎవరో తవ్వి పెట్టారు. స్వతంత్ర కళాకారులు అంటే ఆ తవ్వినవాళ్ళ పేర్లు కూడా చెప్పుకోవాలి. మనం చెప్పుకోం.

ఆనీ కంపెనీకి ఒక ఉచిత ఫోను నంబరు ఉండేది. అమెరికాలో ఫోను మీటల మీద అంకెలతో పాటు అక్షరాలూ ఉంటాయి కదా, 1-800 తర్వాత ఆ అక్షరాలు నొక్కుకుంటూ పోతే "ఆన్ హర్ ఓన్" అని వచ్చేది. తన కాళ్ళ మీద తాను నిలబడ్డది అని. ఇంటర్నెట్ కొనుగోళ్ళు లేని రోజులు. ఒక ఊళ్ళో కచేరీ అయిపోయిన మర్నాడు, క్యాసెట్ దొరకనివాళ్ళు ఆ నంబరుకు ఫోను చేసేవారు. బఫలోలో ఎవరో ఎత్తి, చిరునామా రాసుకుని, పొట్లం కట్టి పోస్టు చేసేవారు. ముద్రణ, చొక్కాలు, క్యాసెట్ల తయారీ, వీలైనంతవరకూ ఆ చుట్టుపక్కల వాళ్ళకే ఇచ్చారు. కర్మాగారాలు మూతపడ్డ ఊళ్ళో అది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత ఆల్బం వెనక ఆల్బం. 1991, 92, 93, 94, 95, ఏటా కనీసం ఒకటి. కచేరీలు ఆగలేదు. మొదట ఒంటరిగా తిరిగిన మనిషికి కెనడా డ్రమ్మర్ ఆండీ స్టొచాన్స్కీ తోడయ్యాడు. 1996లో వచ్చిన "డైలేట్", అమెరికాలో ఎక్కువ అమ్ముడైన ఆల్బంలను వరసపెట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 87వ స్థానంలో ప్రవేశించింది. 1998లో వచ్చిన "లిటిల్ ప్లాస్టిక్ క్యాసిల్" 22వ స్థానంలో. కచేరీల రికార్డింగులతో 1997లో తెచ్చిన "లివింగ్ ఇన్ క్లిప్"కు భారీ అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు వచ్చింది. వెనక ఏ పెద్ద కంపెనీ లేకుండా.

అప్పుడు పత్రికలు వచ్చాయి. ఏం రాశాయి? ఒక్కో ఆల్బం మీద ఆమెకు 4.25 డాలర్ల దాకా మిగులుతుందనీ, కోట్లలో అమ్ముడైన పెద్ద బృందాలకు అందులో సగం కూడా రాదనీ రాశాయి. ఆర్థిక పుటల్లో ఆమె ఫొటో వేశాయి. చివరికి "మిజ్" అనే స్త్రీవాద పత్రిక కూడా ఆమెను మెచ్చుకుంటూ ఈ సంపాదన సంగతే ఎత్తింది. ఆమెకు ఒళ్ళు మండింది. ఆ పత్రికకు బహిరంగ లేఖ రాసింది. డబ్బు వెంట పోకూడదనే కదా ఇన్నేళ్ళు గుంజాటన పడ్డాను, ఇప్పుడు మీరు కూడా నన్ను వ్యాపారవేత్తగానే గుర్తిస్తారా అన్నది దాని సారాంశం. తాను చనిపోతే సమాధి రాయి మీద కంపెనీ అధినేత్రి అని చెక్కకండి, పాటలు రాసేది, కథలు చెప్పేది అని రాయండి అని కూడా అంది.

నేను ఈ లేఖను చాలాసార్లు చదివాను. ఆమె బాధ నిజమే. కానీ పత్రికలు తప్పు చేశాయని పూర్తిగా అనలేను. ఆ 4.25 డాలర్లే లేకపోతే గర్భస్రావం పాటా లేదు, ఏటా ఆల్బమూ లేదు. లెక్క గురించి మాట్లాడటం పాటకు అవమానం అనే భావన ఆమెలో కూడా ఎక్కడో మిగిలి ఉందనిపిస్తుంది. మీరు కాదనవచ్చు, ప్రశ్నల సమయంలో పోట్లాడండి.

కంపెనీ లేనంతమాత్రాన యజమాని ఉండడని కాదు. 1998లో ఆమె తన సౌండ్ ఇంజినీరును, ఒక మగవాడిని, పెళ్ళి చేసుకుంది. ఆమె ఎప్పుడూ మగవాళ్ళనూ ఆడవాళ్ళనూ కూడా ప్రేమించగలనని బాహాటంగా పాడినదే. అయినా అభిమానుల్లో కొందరు మోసపోయామని గగ్గోలు పెట్టారు. తమ కోసమే ఆమె పాడుతోందని నమ్మినవాళ్ళు, ఆమె బతుకు మీద కూడా హక్కు ఉందనుకున్నారు. కంపెనీకి ఒప్పంద పత్రం చూపించి కాదనవచ్చు, అభిమానికి ఏం చూపిస్తారు? అభిమానుల కోపం ప్రతిసారీ అన్యాయమనీ కాదు. 2013లో ఆమె పాటల శిబిరం ఒకటి లూయీజియానాలో, ఒకప్పుడు బానిసలతో పని చేయించిన నాటొవే ఎస్టేటు భవనంలో పెడతానంటే నిరసన వెల్లువెత్తింది. రద్దు చేసుకుంది. ఆమె ఇచ్చిన మొదటి వివరణ సంజాయిషీలా లేదని మళ్ళీ విమర్శలు వచ్చాక, రెండోసారి క్షమాపణ చెప్పింది. ఆ నిరసన సరైనదే.

సొంత సంస్థ వల్ల ఆమెకే కాదు, ఇతరులకూ మేలు జరిగింది. యూటా ఫిలిప్స్ అనే పాత కార్మికోద్యమ గాయకుడు కచేరీల్లో చెప్పిన కథల టేపులు తీసుకుని, వాటికి తన సంగీతం చేర్చి 1996లో ఆల్బం తెచ్చింది. ముసలాయన మాటలు ఇరవై ఏళ్ళ పిల్లలు విన్నారు. అనైస్ మిచెల్ అనే మరో గాయని గ్రీకు పురాణ కథతో కట్టిన "హేడ్స్‌టౌన్" పాటల ఆల్బంను 2010లో వేసింది ఈ సంస్థే. అందులో పాతాళ రాణి పెర్సిఫొనీ పాటలు ఆనీయే పాడింది. అదే తర్వాత న్యూయార్క్‌లో పేరున్న నాటకశాలల ప్రాంతమైన బ్రాడ్‌వేలో నాటకమై, 2019లో ఉత్తమ సంగీత నాటకంగా అక్కడి నాటకాలకిచ్చే టోనీ అవార్డు తెచ్చుకుంది. 2024లో ఆనీ యాభై మూడేళ్ళ వయసులో అదే పాత్ర వేసుకుని బ్రాడ్‌వే వేదిక ఎక్కింది. బఫలోలో కూల్చేయబోయిన పందొమ్మిదో శతాబ్దపు చర్చిని బాగుచేయించి కచేరీల హాలుగా మార్చారు. కంపెనీ ఆఫీసూ అందులోనే పెట్టుకున్నారు.

ఇక మన సంగతికి వస్తాను, ఎక్కువసేపు తీసుకోను. ఇవాళ మీలో చాలామందికి క్యాసెట్టు వేయించే ఖర్చు లేదు, ఫోనులో రికార్డు చేసి యూట్యూబులో పెట్టవచ్చు. కానీ పాట కాస్త జనంలోకి వెళ్ళగానే ఎవరో ఒక చానలువాళ్ళు వస్తారు, ఇంత ఇస్తాం, హక్కులన్నీ రాసివ్వండి అంటారు. ఆ ఇంత ఎంతో అడగండి. అన్నీ అంటే ఏమేమిటో అడగండి. 2012లో మన కాపీరైటు చట్టానికి ఒక సవరణ వచ్చింది. సినిమా పాట అయినా, సినిమాతో సంబంధం లేని పాట అయినా, రాసినవారికీ బాణీ కట్టినవారికీ దాని వాడకం మీద రాయల్టీలో, హక్కులు రాయించుకున్నవారితో సమాన వాటా ఉంటుంది. సినిమా హాలులో సినిమాతో పాటు వినిపించే పాటకు మాత్రం ఇది వర్తించదు. ఆ వాటాను వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప మరొకరికి రాసిచ్చినా చెల్లదు. కాగితం మీద సంతకం పెట్టేసినా సరే, ఆ వాటా మీదే. గేయ రచయితలకూ స్వరకర్తలకూ ఐపీఆర్ఎస్ అనే సొసైటీ ఉంది, సభ్యులు కాకపోతే కండి.

కానీ రికార్డింగు మీద హక్కు వేరే. దాన్ని ఎవరు ఖర్చుపెట్టి తయారు చేయిస్తే, సాధారణంగా వాళ్ళదే. అందుకే ఆనీ ఆ మొదటి 500 క్యాసెట్ల ఖర్చు తానే పెట్టుకోవడం అంత ముఖ్యమైన విషయమైంది. ఒప్పంద పత్రాలు తెచ్చుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. వాటిని ఇప్పుడు బల్ల మీద పెట్టి కలిసి చదువుదాం. ముందుగా కాలపరిమితి ఉన్న పేరా ఎక్కడుందో వెతకండి.